బాపు కడుపులో మగ్గం

మొన్న కుంఠా నాకా దగ్గరి దవాఖానాలో డాక్టరు నా చేత ఒక సంచిలోకి ఊపిరి ఊదించి, ఏళ్ల తరబడి నన్ను వేధిస్తున్న పుల్లటి తేన్పులకూ పొట్ట ఉబ్బరానికీ కారణం కడుపులో కాపురం పెట్టిన ఒక సూక్ష్మక్రిమి అనీ, అది చాలామందికి చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచి అంటుతుందనీ, కారం తింటే పుట్టేది కాదనీ చెబుతుంటే, నేను ఆ కుర్చీలోంచే నేతగాళ్లుండే దాజీ పేట్‌లోని మా పాత ఇంటికి వెళ్లిపోయాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా దాని కంటికి, అంటే పక్కనుండే చిన్న రంధ్రానికి, నోరు ఆనించి పోగును పీల్చి బయటికి తీసేవాళ్లం. మా నాన్న, బాపు, పీల్చిన నాడెనే నేనూ పీల్చేవాణ్ణి. క్రిమి ఆ దారినే వచ్చిందని డాక్టరు అనలేదు, నేనే అనుకున్నాను.

తిన్న గంటకే బాపు కడుపులో గుడగుడ మొదలయ్యేది. ఆయన చిన్నప్పుడు ఒక మగ్గాన్ని మింగేశాడనీ, చెవి ఆనిస్తే దుప్పటి నేస్తున్న చప్పుడు వినబడుతుందనీ వాడకట్టు పిల్లలందరినీ నమ్మించాను. వాళ్లు వరసగా వచ్చి చెవులు ఆనిస్తుంటే బాపు కళ్లు మూసుకుని, నొప్పిలోనే నవ్వుతూ పడుకునేవాడు.

నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు. అమ్మ రోట్లో దంచే పల్లీల కారాన్ని చూపిస్తూ, "నీ కారంతోనే నా కొడుకు కడుపు కాలిపాయె గదనే" అనేది. పోయేదాకా అంటూనే ఉంది. అమ్మ మిరప్పొడి తగ్గిస్తూ పోవడంతో, ఎర్రగా నూనె కక్కే ఆ కారం ఏడాదికేడాది పాలిపోయింది.

ఇప్పుడు మేం కుంభారి కాలనీలో ఉంటున్నాం. ఇంటికి రాగానే, తప్పు నీ కారానిది కాదట, క్రిమిదట అని అమ్మకు చెప్పాను.

"ఊపిరి ఊదితే పురుగు దొర్కిందా? మీ బాపు కడుపుల మగ్గం, నీ కడుపుల పురుగు! నెత్తి నెరిసినా నీ కతలు బంద్ గావారా?"

డాక్టరు రాసిన చీటీ చూపించాను, ఒట్టు పెట్టాను. నవ్వు ఆపి, చీటీ మడిచి నా చేతికిచ్చింది.

"మీ నాయనమ్మ ఉన్నప్పుడు జెప్పకపోతివి బిడ్డా."

మర్నాడు మిక్సీలో పల్లీలు పోసి, గుప్పెడు మిరప్పొడి తీసింది. సగం మళ్లీ డబ్బాలోకే పోసింది.

రెండు వారాల గోలీలతో నా కడుపులోని మగ్గం ఆగిపోతుందట. నాడె కంటికి నోరు పెట్టేవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో లేరు, రోలు లేదు, బాపు లేడు, నాయనమ్మా లేదు. ఆమె మాట మాత్రం అమ్మ చేతిలో ఇంకా ఉంది. బాపు మగ్గాన్ని మింగాడని వాడకట్టు మొత్తాన్నీ నమ్మించిన నేను, ఈ ఒక్క నిజం చెప్పి ఆ చేతిని నమ్మించలేకపోయాను.