నూకిన బండికి కొత్త చక్రం

జనగామ స్టేషనుకు ఎదురుగా నాకొక అద్దె సైకిళ్ల దుకాణం ఉండేది. నైజాం సర్కారు పోయి మిలిట్రీ వచ్చిన కాలమది. అయినా ఊళ్లలో సంగం వాళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం సోదాలు ఆగలేదు, అడవి వైపు కాల్పులూ ఆగలేదు. అలాంటి రోజుల్లో ఒక సైకిల్ చక్రం కోసం జనగామ నుంచి మానుకోటకు, అక్కడి నుంచి భూపాలపల్లికి నేను చేసిన ప్రయాణం ఇది. మహబూబాబాద్‌నే మా వైపు మానుకోట అంటారు. ఆ దారిన వెళ్లేవాళ్లు స్టేషను బోర్డు మీద మాత్రం ఈ పేరు వెతకకండి.

మా మార్తక్క భూపాలపల్లిలో మిషన్ వాళ్ల చిన్న దవాఖానలో నర్సు. చుట్టుపక్కల తండాలు తిరగడానికి మిషన్ ఆమెకొక సైకిల్ ఇచ్చింది. ఎండాకాలం చివర్లో పరకాల నుంచి వచ్చిన ఒక బండాయన ఆ సైకిల్ వెనుక చక్రాన్ని నా దుకాణం ముందు దించి, అక్క చెప్పమన్న కబురు చెప్పాడు. వానలు పడేలోగా గట్టి చక్రం కావాలి. అది రాకపోతే తండాలు తిరగడం కుదరదు. తిరగలేని నర్సు అక్కడెందుకని మిషన్ పెద్దలు దవాఖానకు తాళం వేసి ఆమెను వెనక్కి పిలిపిస్తారు. అక్కకేమో వెనక్కి రావడం సుతరామూ ఇష్టం లేదు.

సైకిల్ సామాను ఎంచుకోవడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అక్క బక్కపలచని మనిషి, గాలి వస్తే గొడుగుతో పాటు కొట్టుకుపోయేలా ఉంటుంది. అలాంటి మనిషికి బరువు చక్రం ఎందుకు? సికింద్రాబాద్ నుంచి తెప్పించి అపురూపంగా దాచుకున్న పలుచని రిమ్మును, దాని మధ్యలో ఉండే హబ్బును, సన్నని పుల్లలను సంచిలో కట్టుకున్నాను. పుల్లలంటే స్పోకులే. చక్రం తేలికైతే తొక్కడం సులువు, అక్క కాళ్లు నొప్పి పెట్టవు అని నా ఆలోచన. పంక్చర్లు వేస్తాను, బ్రేకులు బాగుచేస్తాను గానీ వట్టి రిమ్ము నుంచి చక్రం అల్లడం నాకు రాదు. ఆ పనికి మానుకోటలో వడ్ల బ్రహ్మయ్య పెట్టింది పేరు.

పొద్దుటి ప్యాసింజరు ఎక్కాను. కాజీపేట మీదుగా మానుకోట దాకా ఒకటే బండి, మధ్యలో దిగి మారే బాధ లేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, అక్క పాత చక్రాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాను. ఎదురు బల్ల మీది ముసలమ్మ చాలాసేపు నన్నే చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"కడమ సైకిలేది కొడుకా? ఒక్క చక్రమే తోలుకపోతున్నవేంది?"

"ముందుగాల్ల ఇది నడుస్తదో లేదో సూద్దామని, అవ్వా" అన్నాను. పెట్టె అంతా నవ్వింది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అవ్వ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. మా వైపు తల్లిని అవ్వ అనే పిలుస్తాం. మా ఊరు అక్కడికి దగ్గరే, ఈ బండికి వస్తున్నానని ముందే కబురు పంపాను. జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు మూటకట్టి తెచ్చింది. మూట కిటికీలోంచి అందిస్తూనే నా చెయ్యి పట్టుకుంది.

"ఏసోబూ, ఆడ దినాం తుపాకుల సప్పుడేనట. నా బిడ్డకు ఏమన్నయితే నేను బతుకుత్నా? ఆ చక్రం జర పల్చగనే చేపియ్యి. నాలుగు దినాలకు ఇరిగితే అదే ఇంటికస్తది."

నేను నోరు తెరిచేలోపే గార్డు ఈల వేశాడు. అక్క ఇంటికి రావాలని నాకూ ఉంది. కాజీపేట దాటాక రొట్టె తిన్నాను. తొక్కు బాగా కారంగా ఉంది.

మానుకోటలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. బ్రహ్మయ్య ఇంటికి దారి ఎవరినీ అడగనక్కరలేదు. స్టేషను వెనుక వీధిలో సుత్తి చప్పుడు వినబడే వైపు నడిస్తే చాలు. ఆయనది తాతల నాటి నుంచి ఎడ్లబండి చక్రాలు చేసే ఇల్లు. పత్తి మూటలు, మామిడి గంపలు సైకిళ్ల మీద మోసేవాళ్లు ఎక్కువయ్యాక ఆయన సైకిల్ చక్రాలకు దిగాడు. పని ఎంత చేస్తాడో మాట అంతకు రెండింతలు. ఈ జిల్లాలో తిరిగే చక్రాల్లో సగం తనవేనని చెప్పాడు. మిగతా సగం ఎందుకు తిరుగుతున్నాయో తనకు అర్థం కాదట.

నా సంచి విప్పి పలుచని రిమ్మును రెండు వేళ్లతో పైకెత్తాడు.

"గిదేంది, పెండ్లిపిల్ల గాజా?"

"మా అక్కకు, అన్నా. సన్నటి మనిషి. తొక్కుడు అల్కగుండాలె."

ఆయన నా రిమ్మును పక్కన పెట్టి అక్క పాత చక్రం అందుకున్నాడు. కొత్త చక్రం అల్లే ముందు పాతది చూడటం ఆయన పద్ధతి. బండి చక్రాలకూ ఆ ఇంట్లో అదే పద్ధతట. వెలుతురుకు ఎత్తి పట్టుకుని మెల్లగా తిప్పాడు. టైరు తడిమాడు, విరిగిన పుల్లలు లాగి చూశాడు. చైను పట్టే పళ్లచక్రం దగ్గర వేలు ఆపి నన్ను దగ్గరికి పిలిచాడు.

"గీ పండ్లు సూడు. కొత్తయి ఉన్నట్లే ఉన్నయి, ఏడన్న అరిగినయా? టైరేమో బోడిగైంది. పుల్లలు రెండు దిక్కుల ఇరిగినయి. మీ అక్క గీ సైకిలు తొక్కలే. గిది నూకిన బండి. మీద బరువు పెట్టి నూకినరు."

నేనూ వేలు పెట్టి చూశాను. ఆయన చెప్పింది నిజమే. నా దుకాణంలో ఎన్ని సైకిళ్లు విప్పి ఉంటాను! టైరు ఇంతగా అరిగి, పళ్లు ఇంత కొత్తగా ఉన్న చక్రం ఒక్కటీ చూడలేదు. అంతమంది రోగులను చూసే అక్క సైకిల్‌ను తొక్కకుండా నెట్టడమేమిటి? ఆ బరువేమిటి?

"ఏం బరువన్నా?" అన్నాను.

బ్రహ్మయ్య వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అడవిల సంగపోళ్లు ఉన్నరు గద. బియ్యమో, ఇంకేందో. నేను సూడలే, నేను అనలే."

సోదాల్లో దొరికితే అక్క గతేమిటి? ఆయన నా రిమ్మును, తన గోడకు వేలాడే నల్లటి రిమ్మును నా ముందు పెట్టాడు.

"గీ పెండ్లిపిల్ల గాజు అల్లమంటే ఇప్పుడే అల్లుత. అసొంటి బరువుకు నెల గూడ ఆగది. ఎట్ల జెయ్యమంటవ్?"

అవ్వ అడిగిన చక్రం అదే. పైగా ఎవరూ నన్ను తప్పుపట్టరు, మంచి సామానే తెచ్చాను కదా. కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఒక దుర్గుణం ఉంది. ఏదైనా మూసిపెట్టి ఉంటే మూత తీసి చూసేదాకా నిద్ర పట్టదు. అక్క ఏం నెడుతోందో తెలియకుండా, దాన్ని ఆపే చక్రం చేయించలేకపోయాను. గట్టిదే కానిమ్మన్నాను.

ఇక సామాను ఎంపిక మొదలైంది. ఇద్దరం కలిసి రిమ్ములు ఒక్కొక్కటీ దించాం. ఆయన చెక్కముక్కతో కొట్టి చెవి పెట్టేవాడు. నేను కన్ను మూసి అంచు వెంట చూసేవాణ్ణి. ఆయనకు నచ్చిన ఒకదాంట్లో అతుకు దగ్గర ఎత్తు ఉందని నేను పట్టుకున్నాను. ఒప్పుకోవడానికి ఒక బీడీ కాలేంత సేపు పట్టింది గానీ చివరికి ఒప్పుకున్నాడు. నల్లరంగు మందపాటి రిమ్ము, నలభై లావు పుల్లలు ఏరాం. పాత హబ్బు విప్పి చూస్తే లోపలి గుండ్లు బాగానే ఉన్నాయి. కడిగి, కొత్త గ్రీజు పెట్టి అదే వాడాం.

ఆ రాత్రి వాళ్ల వాకిట్లోనే మంచం వేశారు. తెల్లవారి అల్లకం మొదలుపెట్టాడు. ఒక్కో పుల్ల మరను ఆముదంలో ముంచి, మూడు పుల్లలను దాటించి రిమ్ముకు ఎక్కించాడు. పుల్లలు ఒకదాన్నొకటి దాటే చోట సన్నని రాగి తీగ చుట్టాడు. చక్రాన్ని తిప్పి సున్నపు ముక్కను అంచుకు దగ్గరగా పట్టుకున్నాడు. తెల్లగా గీత పడిన చోటల్లా వంకర ఉన్నట్టు. గీత పడకుండా తిరిగేదాకా బిగించాడు, వదిలాడు, మళ్లీ బిగించాడు. చివరికి పుల్లలు బిగించే తాళం ఒకటి నా చేతిలో పెట్టాడు.

"మొదటిసారి బరువు పడ్డప్పుడు టింగుటింగుమంటది. పరేషాన్ గాకు. మెలివడ్డ పుల్లలు వాటి జాగల కూసుంటయి. సప్పుడు బందైనంక మల్లొకసారి బిగియ్యి. మర్సిపోకు."

మధ్యాహ్నం బండికి వరంగల్ వచ్చి, హనుమకొండలో ఉండి, మర్నాడు పొద్దున పరకాల బస్సు పట్టుకున్నాను. చక్రానికి కూడా టికెట్ కొట్టాడు కండక్టరు. ఆ రోజుల్లో ఆ దారిన వెళ్లేవాళ్లు నైజాం నాటి నాణేలు, హాలీ సిక్కా చిల్లర దగ్గర పెట్టుకోవాల్సిందే, లేకపోతే మిగిలింది దిగేటప్పుడు ఇస్తాననేవాడు. పరకాల దాటాక బస్సు లేదు. ఎడ్లబండిలో సగం దూరం పోయేసరికి మిలిట్రీ క్యాంపు దగ్గర ఆపారు. మీసాల హవల్దారు చక్రాన్ని పట్టుకుని పుల్లలు లెక్కపెట్టినట్టు చూశాడు.

"ఇంత మజ్బూత్ చక్రం ఎవరికి?"

"దవాఖాన నర్సమ్మకు సాబ్" అన్నాను. అది నిజమే అయినా బ్రహ్మయ్య మాటలు గుర్తొచ్చి చూపు దించుకున్నాను. హవల్దారు ఇరుసు రెండు చేతులతో పట్టుకుని చక్రం తిప్పాడు. అది ఏ పక్కకూ ఊగకుండా తిరిగింది. చిన్నపిల్లవాడిలా ముచ్చటపడి రెండోసారి కూడా తిప్పి, "అచ్ఛా బనాయా" అని తిరిగి ఇచ్చేశాడు.

సాయంత్రానికి భూపాలపల్లి చేరాను. అప్పటికది అడవి అంచున ఒక చిన్న ఊరు. దవాఖాన అంటే రెండు గదుల పెంకుటిల్లు. అక్క నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, నన్ను వదిలి ముందు చక్రాన్ని పట్టుకుంది. గోడకు ఆనించిన సైకిల్ క్యారియర్ మీద ఒక వెడల్పాటి చెక్క, దాని వెనుక మంచం నులకతో అల్లిన ఆనుడు కనబడ్డాయి. నేను నెమ్మదిగా అడిగాను.

"అక్కా, నిజం చెప్పు. దీని మీద ఏం మోస్తున్నవ్?"

"మనుసులను" అంది అక్క. "నీళ్లాడే ఆడోళ్లను, నొప్పులొచ్చినోళ్లను. తండా బాటకు ఎడ్లబండి పట్టది. ఎత్తుకొస్తే సగం దారిలనే పానం పోతది. గందుకే కూసోవెట్టి నూకుకొస్తున్న."

"తొక్కుకుంట తిరుగుమని గద సైకిలిచ్చింది?"

అక్క అటూ ఇటూ చూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నాకు తొక్కుడు రాదుర! నేర్సుకుందామని రెండుసార్లు ముండ్ల కంపల పడ్డ. రాదని చెప్తే సైకిలు గుంజుకపోతరు గద."

నవ్వు ఆపుకోలేకపోయాను. సంగం వాళ్ల బియ్యమని, ఇంకేదో అని మూడు రోజులు భయపడి చచ్చాను!

ఆ రాత్రే కొత్త చక్రానికి టైరు వేసి సైకిల్ వెనుక బిగించాను. మర్నాడు పొద్దున్నే తండా నుంచి ఒక లంబాడీ ఆమె ఏడుస్తూ వచ్చింది. ఆమె కూతురు సక్రికి ముందురోజు నుంచి నొప్పులు, కాళ్లు వాచిపోయాయి. అల్లుడు కూలికి దూరం పోయాడు. అక్క వాళ్ల భాషలోనే రెండు మాటలు అడిగి సైకిల్ తీసింది. నేనూ వెంట నడిచాను. ముందు చక్రం కొంచెం కుంటుతోందని దారిలోనే గమనించాను.

సక్రిని చెక్క మీద కూర్చోబెట్టి, వీపుకు బొంత దన్ను పెట్టాం. తల్లి పక్కన పట్టుకుంది, అక్క హ్యాండిల్ పట్టింది, నేను వెనుక నుంచి నెట్టాను. చక్రం మొదటి రాయి ఎక్కింది. టింగ్! నా చేతులు ఆగిపోయాయి. ఇంకొంచెం పోగానే మళ్లీ టింగ్, టింగ్.

"ఇరిగిందార?" అంది అక్క వెనక్కి తిరగకుండానే.

"ఇరగలే అక్కా. పుల్లలు జాగల కూసుంటున్నయి. నడువు" అన్నాను. చెప్పానే గానీ బ్రహ్మయ్య మాట నిజం కావాలని లోపల దేవుణ్ణి వేడుకుంటూనే ఉన్నాను. సక్రి నొప్పికి పళ్లు బిగపట్టి కళ్లు మూసుకుంది. వాగు ఇసుక దాటాక ఎప్పుడు ఆగిందో గానీ చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత టైరు కింద రాళ్ల చప్పుడు తప్ప చక్రం నుంచి ఏమీ వినబడలేదు.

దవాఖానలో వాళ్లు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. నాకు ఏం చేయాలో తోచక సైకిల్‌ను అరుగు నీడన తలకిందులుగా నిలబెట్టి, బ్రహ్మయ్య ఇచ్చిన పుల్లల తాళం జేబులోంచి తీశాను. ఒక్కో పుల్ల మీటుతాను, చెవి పెడతాను, వదులైనది బిగిస్తాను. లోపలి నుంచి మూలుగు, అక్క గద్దింపు. రెండోసారి మొత్తం తిరిగి వస్తుండగా పసిబిడ్డ ఏడ్చింది. నేను ఆ పుల్లను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ మర్నాడు తిరుగు ప్రయాణం. వరంగల్ నుంచి బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. పలుచని రిమ్ము ఒళ్లో ఉంది. చక్రం కొనేటప్పుడు తొక్కే మనిషిని చూస్తే చాలనుకునేవాణ్ణి. ఆ తర్వాత దుకాణానికి ఎవరొచ్చినా ముందు పాత చక్రం చూపించమనే అడిగాను.

ఘన్‌పూర్‌లో బండి ఆగగానే కిటికీలోంచి చూశాను. ఏ రోజు వస్తానో నేను చెప్పలేదు. అయినా అవ్వ అక్కడే ఉంది, రోజూ ఈ బండి వేళకు వస్తోందట. నా వెనుక పెట్టెలోకి తొంగిచూసింది.

"అక్క రాలే?"

"రాలే అవ్వా. చక్రం గట్టిగ చేపిచ్చిన."

ఆమె ముఖం వాడిపోయింది. సక్రి సంగతి, బిడ్డ సంగతి గబగబా చెప్పాను. అక్కకు తొక్కడం రాదని కూడా చెప్పాను. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని రొట్టెల మూట అందించింది. బండి కదిలింది. ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని నాలుగడుగులు వెంట నడిచింది.

"మరి ముందు చక్రమో? అది గూడ గట్టిగనే ఉన్నదార?"