కీమాన్ చాచా ఆపని రైలు

"అబ్బ పోయిండక్కా" అని దవాఖాన నుంచి చాచా కొడుకు ఫోన్ చేసినప్పుడు నా నోటివెంట వచ్చిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఎవరు చెప్పిండ్రు?" అన్నాను. డాక్టరు చూశాడా, ఒక్కడేనా, ఇంకొకరితో చూపించారా అని వరసగా అడిగాను. పాపం ఆ అబ్బాయి ఏడుపు ఆపుకుని ఓపికగా జవాబు చెప్పాడు. "ఇద్దరు జూసిండ్రక్కా. నువ్వు గిట్లనే అడుగుతవని నాకు తెల్సు. అబ్బ గూడ గిట్లనే అడిగేటోడు." అప్పుడు నమ్మాను. స్కూటర్ తాళం చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

శంషాబాద్‌లో చాచా వాళ్ల ఇంటి పై పోర్షన్‌లో తొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్నాను. మాది పాల్మాకుల. పాలిటెక్నిక్‌లో సివిల్ పిల్లలకు పాఠాలు చెబుతాను, అందులో రైల్వే ఇంజనీరింగ్ కూడా ఒకటి. చాచా ఏ కాలేజీలోనూ చదవలేదు. రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యారు. రోజూ తన వంతు పట్టాల వెంట సుత్తి భుజాన వేసుకుని నడవడం, పట్టాను స్లీపర్‌కు పట్టి ఉంచే ఇనుప చావీలు వదులైతే కొట్టి బిగించడం, ఎక్కడైనా పగులుందేమో చూడడం కీమాన్ పని. "డ్రైవర్ బండి నడుపుతడు. నడవాల్నా వద్దా అన్నది మేం జెప్తం" అని మీసం దువ్వేవారు.

ఇల్లు కుదుర్చుకున్న రోజే పాల దుకాణం ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. "గా ముసలాయన ఇంట్లనా? జర పైలం బిడ్డా. ఇనాము కోసం రైలు పట్టా కోసినోడు" అంది. అడ్వాన్సు అప్పటికే ఇచ్చేశాను కాబట్టి ఉండక తప్పలేదు. కాని ఆ రోజు నుంచి ఆయన మీద ఓ కన్నేసి ఉంచాను. ఆయన నా మీద రెండు కళ్లూ వేశారు. నా గ్యాస్ సిలిండర్ పైకి ఎక్కించే ముందు వేలి కణుపుతో మూడు చోట్ల తట్టారు. స్కూటర్ చక్రాల నట్లు తిప్పి చూశారు. ఆదివారం మా ఇంట్లో ప్రార్థనకు వచ్చిన వాళ్లు మెట్లెక్కుతుంటే, మనుషుల్ని కాదు, మెట్లను అనుమానంగా చూస్తూ కింద నిలబడ్డారు. మరుసటి వారం మేస్త్రీని పిలిపించి మూడో మెట్టు కింద సిమెంటు వేయించారు. చేయి పెడితే నిజంగానే అక్కడ డొల్లగా ఉంది. ఒకరిని ఒకరు నమ్మకపోవడంతోనే మా స్నేహం మొదలైంది.

ఏ వస్తువునైనా ఆయన తట్టందే ఒప్పుకునేవారు కాదు. పుచ్చకాయ, కుండ, తలుపు చెక్క, ఆఖరికి చాచీ చేసిన రొట్టె కూడా. "చూసిన అనొద్దు బేటీ, తట్టిన అనాలె" అనేది ఆయన మాట. "నీ దవడ తట్టి సూస్త ఒకపారి" అని వంటింట్లోంచి చాచీ అరిచేది.

ఒక సాయంత్రం వరండాలో కూర్చుని మర్నాటి పాఠం రాసుకుంటున్నాను. "రైలు చరిత్ర ఆవిరి యంత్రంతో మొదలైంది" అని పైకి చదివాను. చాయ్ తాగుతున్న చాచా సాసరు కింద పెట్టారు.

"ఎవరు జెప్పిండ్రు?"

"పుస్తకంల ఉంది చాచా."

"పుస్తకం తప్పు. ఇంజన్ ఎన్కసిరి. మొదలు బాట పుట్టింది. గనుల కాడ కట్టె పట్టీలు పరిచి, వాటి మీద బొగ్గు బండ్లను గుర్రాలతోటి గుంజిపిస్తుండిరి. కట్టె అరిగిపోతున్నదని మీద ఇనుప రేకు కొట్టిండ్రు. రేకు లేస్తున్నదని పూర్తి ఇనుముది పోసిండ్రు. గంత బాట తయారైనంక ఇంజన్ బాబు తీరుబడిగ ఒచ్చిండు."

ఏడో తరగతి దాటని మనిషికి ఇదంతా ఎలా తెలుసని నాకు అనుమానం. మర్నాడు లైబ్రరీలో మరో రెండు పుస్తకాలు తిరగేశాను. ఆయన చెప్పిందే సరైనది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, వానలో పని ఆగినప్పుడు గుడిసెలో కూర్చోబెట్టి ఒక ముసలి ఇన్‌స్పెక్టర్ చెప్పేవాడట. నిజాం కాలంలో ఈ ప్రాంతానికి రైలు ఎలా వచ్చిందో, మీటరు వెడల్పు చిన్న లైను ఎందుకు వేశారో, దాన్ని పీకి పెద్ద లైను వేసినప్పుడు పాత స్లీపర్లు ఎన్ని ఇళ్లకు దూలాలయ్యాయో, ఇవన్నీ నేను ఆయన దగ్గర విన్నవే. నా క్లాసు నోట్సులో సగం ఆ వరండాలో దిద్దుకున్నదే. కాని ప్రతి మాటా పుస్తకంతో సరిచూసుకున్నాకే దిద్దుకున్నాను. అది ఆయనకు తెలుసు. దానికే మెచ్చుకునేవారు.

విమానాలంటే మాత్రం ఆయనకు అసలు గురి లేదు. కొడుకు ఎయిర్‌పోర్టులో సామాన్ల విభాగంలో పనిచేస్తాడు. ఒకసారి ఎక్కించి తీసుకుపోతానని ఎంత బతిమాలినా వినలేదు. తొండుపల్లి వైపు నుంచి మా డాబా మీదుగా విమానం పోతుంటే తల ఎత్తి, "కింద బాటనే లేదు. పొద్దుగాల లేచి ఎవడు ఏం తట్టి చూస్తడు?" అని గొణుక్కునేవారు.

నిరుడు ఆయన్ను మా క్లాసుకు తీసుకువెళ్లాను. ల్యాబులో రెండు పట్టా ముక్కలున్నాయి, ఒకటి మంచిది, ఒకటి లోపల పగిలింది. పిల్లల్ని కళ్లు మూసుకోమని చాచా సుత్తితో కొట్టారు. మంచి పట్టా ఖంగుమంది. రెండోది బొంగురుగా మూలిగింది. అరవై మందిలో ఒక్కరు కూడా పొరబడలేదు. చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా అనిపించింది. అప్పుడు మామిడిపల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"తాతా, మీరే పట్టా కోసిండ్రని మా దిక్కు అంటరు. నిజమేనా?"

చాచా సుత్తి బల్ల మీద పెట్టారు. "అడగాలె బిడ్డా. అడగకుంట ఇంటికి వోయి అనుకుంటరు సూడు, గది తప్పు. నేను కొయ్యలె" అన్నారు. తర్వాత ఆ కథ ఆయనే చెప్పారు.

ముప్పై ఏళ్ల పైమాట. చలికాలం ఒక పొద్దున ఆయన నడిచే భాగంలో పట్టా విరిగి ఉండడం చూసి గూడ్సు బండిని ఆపారు. సాహెబులు చేయి కలిపారు, ఇనాము ప్రకటించారు. నెల తిరక్కుండానే అదే భాగంలో ఇంకోచోట పట్టా విరిగింది. మళ్లీ ఆయనే చూశారు, చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించే పటాకీలు కట్టి, ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరుగెత్తి పొద్దుటి బండిని ఆపారు. ఈసారి ఎవరూ చేయి కలపలేదు. రెండూ నీకే ఎలా దొరికాయి అన్నారు. విరిగిన ముఖం చూస్తే సగం తుప్పు పట్టి నల్లగా, సగం తెల్లగా మెరుస్తూ ఉంది. నలుపు పాత పగులు, తెలుపు ఆ రాత్రి చలికి తెగింది. కోసినదైతే మొత్తం తెల్లగానే ఉండాలి. అందుకని ఉద్యోగం పోలేదు. ఇనాము మాత్రం ఆపేసి, ఆయన్ను దూరం బదిలీ చేశారు. మాట ఊళ్లోనే ఉండిపోయింది.

పిల్లలు నమ్మారు. నేనే పూర్తిగా నమ్మలేకపోయాను. ఆ రెండో పట్టా విరిగిన పొద్దున ఆయన డ్యూటీ టైముకు గంట ముందే, వరస ప్రకారం నడవకుండా నేరుగా ఆ చోటికే వెళ్లారని మా వీధిలో ఒక పాత రైల్వే ఆయన అంతకు ముందే నాతో అన్నాడు. అది నా మనసులో ముల్లులా ఉంది. చాచా మంచివారని నాలుగు మాటలు చెప్పి క్లాసు ముగించాల్సింది నేను. చెప్పలేదు. హాజరు పట్టీ తీసుకుని బయటికి వచ్చాను.

ఇంటికి వస్తూ స్కూటర్ వెనక నుంచి ఆయనే అన్నారు. "నువ్వు నోరు మెదపలె. మంచిగ జేసినవ్. తెల్వనిదానికి సాక్ష్యం జెప్పొద్దు."

పోయిన నెల ఆయన మంచం పట్టాక ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని అడిగేశాను. "చాచా, గా దినం సీదా గాడికే ఎందుకు వోయినవ్?"

ఆయన కళ్లు మూసుకుని నవ్వారు. "ముప్పై ఏండ్ల సంది ఎవరో ఒకరు గిది అడుగుతరని సూస్తున్న. సాహెబులు అడిగిండ్రు, కని కోపంగ అడిగిండ్రు. కోపంగ అడిగితే జవాబు రాదు."

తర్వాత నెమ్మదిగా చెప్పారు. విరగడానికి ముందు రోజు సాయంత్రం, పని ముగించుకుని స్టేషన్‌కు వస్తూ ఆ చోట సుత్తితో తట్టారు. పట్టా బొంగురుగా పలికింది. మళ్లీ తట్టారు. మళ్లీ అంతే. వెంటనే స్టేషన్ మాస్టరుకు చెప్పి బండి ఆపించాలి. కాని మొదటిసారి ఇనాము ప్రకటించిన నాటి నుంచి తోటివాళ్లు, "మల్లొకటి ఎప్పుడు దొరికిచ్చుకుంటవ్?" అని ఆటపట్టిస్తున్నారు. ఇంతలోనే ఇంకొకటి చెబితే తనే చేశాడంటారని భయపడ్డారు. కంటికి పగులు కనిపించలేదు. మట్టి తడిగా ఉంది కాబట్టి అలా పలికిందని తనకు తనే చెప్పుకున్నారు.

"జిందగంత అనుమానం మీదనే బతికినోన్ని. గా ఒక్క దినం నా చెవిని కాదని నా మనసును నమ్మిన. గంటలోపట సాయంత్రం పాసింజర్ దాని మీదికెళ్లే వోయింది బేటీ. ఏం గాలె. కని వోయింది గద. తెల్లారక ముందే ఉరికిన. విరిగి ఉండె. ఎందుకొచ్చినవని అడిగితే ఏం జెప్పాలె? నిన్ననే తెల్సు అని జెప్పాల్నా? గందుకే నోరు మూసుకున్న. కోసినోడు అన్నరు. అననీ అనుకున్న. నాకు పడాల్సిన శిక్ష గది కాదు, కని శిక్షయితే పడాలె." ఆ వెంటనే, "గా పాసింజర్ల..." అని, అక్కడికి ఆపేసి గోడ వైపు తిరిగారు. అలసిపోయారనుకున్నాను. ఎన్నడూ దేన్నీ అడక్కుండా వదలని నేను, దాన్ని అడగలేదు. "నీ పిల్లలకు గిది జెప్పు. బండి ఆపింది కాదు, ఆపంది జెప్పు" అన్నారు.

మట్టి ఇచ్చి వచ్చిన నాలుగో రోజు ఆయన కొడుకు పైకి వచ్చాడు. "అక్కా, నువ్వు రాస్తవు గద. మా అబ్బ మీద పడ్డ మాట తుడిచేటట్టు రాయి. తప్పు జెయ్యలేదని రాయి" అన్నాడు. నేను తల ఊపాను గాని, ఆ రోజంతా ఒక్క ముక్క రాయలేకపోయాను. కోయలేదని రాస్తే సగం నిజం. మొత్తం రాస్తే ఆ ఇంటికి ఇంకో మచ్చ తగిలించినట్టవుతుందేమో. చివరికి చాచీనే అడుగుదామని కిందికి దిగాను.

భర్త పోయాక నాలుగు నెలల పైన గడప దాటకుండా పాటించే ఇద్దత్‌లో ఉన్న చాచీ గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. నేను నోరు తెరవక ముందే చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "బేటీ, నీతోటి అన్ని జెప్తుండె. ఒక్క మాట అడుగుత, దాచకు. ఎవరామె?"

"ఎవరు చాచీ?"

"పిల్లగాడు గప్పుడు ఏడాదోడు. షాద్‌నగర్ల మా అమ్మగారింటికి వోయిన. వాడు ఒక్కతీరుగ ఏడుస్తుండెనని, రెండు దినాలు ముందే సాయంత్రం పాసింజర్ ఎక్కి ఒచ్చిన. ఈయనకు తెల్వదు. దిగి సూస్తే ప్లాట్‌ఫారం మీద ఉన్నడు. దిగేటోళ్ల మొఖాలు ఒక్కొక్కటి సూస్తున్నడు. ఎవరికోసమో. నన్ను జూసినంక మనిషి మొఖంల రక్తం లేదు. సుత్తి కింద పడ్డది. నేను రాననుకోని ఎవరినో రమ్మన్నడు అనుకున్న. మర్నాడు పొద్దుగాల నౌకరి లొల్లి మొదలైంది, ఇగ అడగనీకి మనసు రాలె. గిన్ని ఏండ్లు కడుపుల పెట్టుకున్న."

గోడ వైపు తిరిగి ఆయన మింగేసిన మాట ఏమిటో అప్పుడు అర్థమైంది. దాచడానికి ఇక ఏమీ లేదనిపించి, ఆయన చెప్పిందంతా మొదటి నుంచి చివరిదాకా చాచీకి చెప్పాను. "ఎవరూ లేరు చాచీ. దిగినోళ్లందరి కోసం నిలబడ్డడు" అన్నాను.

చాచీ కన్నీళ్లు కొంగుతో తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది. తర్వాత, "మొత్తం రాయి. ఆయన రాయమన్నంక నేనెవరు వద్దననీకి" అంది. ఇంకా ఏదో గుర్తు చేసుకుంటూ తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"రోజు డ్యూటీకెళ్లి ఒస్తనే పిల్లగాన్ని గుంజుకునేటోడు. గా దినం ఇస్తే తీస్కోలె. వాడు చేతులు చాపి ఏడుస్తున్నా తీస్కోలె. రెండు చేతులు ఎన్కకు కట్టుకోని, ఇల్లు చేరేదాంక మా ఎన్క పది అడుగుల దూరం నడిచిండు. ఒక్కపారి ఆగి గా చేతులు పట్టుకోని ఉంటే జెప్పేటోడే బేటీ. నేనేమో అనుమానంతోటి ఓరకంట సూసుకుంటనే వోయిన, ఆగలె."