కారుకు కప్పిన పురిటి దుప్పట్లు

ఉదయం తొమ్మిదీ ఇరవైకి బట్టలు ఉతికే అవ్వ మూటను మా వరండాలో దింపింది. గోడ గడియారం చూసిన సంగతి గుర్తుంది. ఆ వేళకు నేను కాలేజీలో పాఠం చెబుతూ ఉండాలి. పదమూడు రోజులుగా వెళ్లడం లేదు. మూటలో పద్నాలుగు దుప్పట్లున్నాయి. నా భార్య చనిపోవడానికి ముందురోజు ఉతకడానికి వేసినవి. ఆమె హనుమకొండలో కాన్పుల డాక్టరు. మా ఇంటి ముందు రెండు గదులే ఆమె దవాఖాన.

"ఇగ ఇవి ఏడ వెట్టాలె సారూ?" అని అవ్వ అడిగింది.

"రోజు పెట్టే కాడనే పెట్టవ్వా" అన్నాను. ఆమె కాన్పుగది అల్మారాలో వాటిని సర్ది, తలుపు దగ్గరికి వేసి, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది.

ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆమె కారు ఉంది. నల్లటి విలాయతి బండి, నిజాం కాలంలో మా మామగారు కొన్నది. డెబ్భైల చివరికి అటువంటిది మా ఊరి రోడ్ల మీద ఇంకొకటి కనిపించేది కాదు. ఆమె దాన్ని ధర్మసాగర్ దాకా, ఆ పైన బండ్లబాటల్లోనూ తోలుకుని కాన్పులకు పోయేది. బండి మీద ఆమెకు మురిపెమేమీ లేదు. తాళంచెవి తిప్పితే స్టార్టు కావాలి, అంతే. ఆదివారం ఆయిల్ చూసేది, టైర్లలో గాలి చూసేది. నాకు డ్రైవింగ్ రాదు. పక్క సీట్లో పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. "నడిపేది డాక్టరమ్మ, చదివేది సారు" అని బండి బాగుచేసే మిస్త్రీ ఎప్పుడూ నవ్వేవాడు.

ఆ ఏడు వానలు మొదలుకాగానే బావ దుకాణం నుంచి మా అక్క పెద్ద ప్లాస్టిక్ కవరు పంపింది. మార్కెట్లో మిరపబస్తాల మీద కప్పేది. నీటిబొట్టు దిగదన్నారు. నేను దాన్ని బండి చుట్టూ బిగించి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను. తర్వాత మూడు నెలలు దాని జోలికి పోలేదు. పోవడానికి మనసొప్పలేదు.

దసరా ముందు తీస్తే, అన్నం గిన్నె మూత తీసినట్టు లోపలివైపంతా నీటిబొట్లు. సీట్ల మీద తెల్లగా బూజు. బానెట్ అంచున బొటనవేలంత తుప్పు, తలుపుల కింద ఇంకా కొంత. పాత మిరప ఘాటుకు అక్కా నేనూ తుమ్ముతూ నిలబడ్డాం.

"తమ్మీ, నీకు నడుపరాదు, ఉంచరాదు," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "మరిపెడల ఒకాయన అడుగుతాండు. పెండ్లిండ్లకు కిరాయికి తిప్పుకుంటడట. ఇచ్చెయ్యి."

"ఇయ్య."

"ఇయ్యక ఏం జేస్తవు? పాలు పిండుతవా?"

నేను ప్లాస్టిక్ కవరు మడవసాగాను. అక్క నన్ను చూసి, "సరె, ఇంకొక్క వానకాలం జూద్దాం. మల్ల గిట్ల తుప్పు పట్టిందనుకో, మరిపెడాయనను నేనే తోల్కొస్త. అప్పుడు నోరు మూసుకుంటవా?" అంది.

"మూసుకుంట" అన్నాను.

దుఃఖాన్ని నదితోనూ సముద్రంతోనూ పోల్చిన పుస్తకాలు నేను చాలా చదివాను. అవేవీ నాకు అక్కరకు రాలేదు. నాకు అర్థమైంది ఒకటే. ఆమె పదిహేనేళ్లు బాగా ఉంచిన వస్తువు నా చేతికి వచ్చిన మొదటి వానకే పాడైంది. రెండో వానకు పాడు కాకూడదు.

మిస్త్రీ తుప్పు గీకి రంగు వేశాడు. ఎండలు ముదిరాక నేను వరంగల్ బజారుకు వెళ్లాను. టార్పాలిన్ దుకాణదారు మడత విప్పి పరిచాడు.

"ఇది కప్పుండ్రి సార్. లారీ మీద కప్పితే ఢిల్లీ దాక ఫికర్ లేదు."

"నా బండి ఎటూ పోదు."

"ఎటూ పోని బండికి గింత బేరమేంది సార్?"

ఆ మధ్యాహ్నపు వేడికి టార్పాలిన్ మీది మైనం నా వేలికి అంటుకుంది. రంగుకు కూడా ఇలాగే అంటుకుంటుంది కదా అని వదిలేశాను. జంపఖానాలు చూశాను. బరువు, తేమ పీలుస్తాయి. చివరికి మందపాటి మిల్లు గుడ్డ ఒక గజం కొని మిస్త్రీకి చూపించాను. అతను దాన్ని మడ్‌గార్డు లోపలి అంచు మీద నాలుగుసార్లు రుద్ది, "వచ్చి జూడుండ్రి" అన్నాడు. వెంట్రుకల్లాంటి గీతలు.

"గాలి ఆడే గుడ్డ తెచ్చిండ్రు, గదైతే మంచిదే. కాని కొత్తది, గంజి ఉంది. పుట్టిన పోరని ఒంటికి కొత్తగుడ్డ చుడ్తరా సార్? పాతది, మెత్తంది చుడ్తరు. దీనికి సుత గసుంటిదే కావాలె."

ఇంటికి వచ్చి కాన్పుగది అల్మారా తెరిచాను. అవ్వ సర్దిపోయినవి సర్దినట్టే ఉన్నాయి. మందపాటి మిల్లు దుప్పట్లు, సోడాలో ఉడికి ఉడికి మెత్తబడినవి. ఒకటి తీసుకుపోయి మిస్త్రీ రుద్దిన చోటు పక్కనే రుద్దాను. గీత పడలేదు.

మరునాడు అక్క వచ్చేసరికి అవి వరండాలో ఉన్నాయి. ఆమె ఒక దుప్పటి అంచు పట్టుకుని, "మంచి గుడ్డ. ఎక్కడిది?" అంది. చెప్పాను. వేడిపెనం తగిలినట్టు వదిలేసింది.

"పురిటి గుడ్డలా! జర సోయి ఉండొద్దా నీకు? ఇగ నేను ఇంటికి వోయి తానం జెయ్యాలె."

మా వాళ్లలో పురిటి గుడ్డ తగిలితే స్నానం చేస్తే గానీ పొయ్యి దగ్గరికి పోరు. నా భార్య మాత్రం సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి అన్నానికి కూర్చునేది. అందుకే అక్క ఆ పదిహేనేళ్లలో మా ఇంట్లో టీ కూడా తాగలేదు. ఆడబిడ్డ మీద నా భార్య ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. నేనూ అక్కను ఎన్నడూ అడగలేదు. అడగవలసింది.

బండికి కవరుగా కుట్టించడానికి తీసుకుపోతే, దర్జీ కూడా గుడ్డ ఎక్కడిదని అడిగాడు. అబద్ధం చెప్పవచ్చు, చెప్పలేదు. "మిషన్ మీద పెండ్లి బట్టలున్నయి సార్, ఏమనుకోకుండ్రి" అన్నాడు. ఏమీ అనుకోకుండా మూట తిరిగి తెచ్చాను.

అవ్వ వాటిని మళ్లీ ఒకసారి ఉడకబెట్టి ఉతికి, మా వరండాలోనే కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. "దొరల తీర్గ కూసుంటే ఎట్ల సారూ? దారం ఎక్కియ్యుండ్రి, నాకు కండ్లు ఆనతలేవు" అంది. రెండు రోజులు దారం ఎక్కించాను. మూడో రోజు నేనూ సూది పట్టాను. నా కుట్లు చూసి ఆమె, "అక్షరాలైతే మంచిగ రాస్తరు గని..." అని ఊరుకుంది. ఒక దుప్పటి మీద పాత మరక ఉంది. "ఇది పోదు సారూ, ఎన్ని మాట్ల ఉడకవెట్టిన్నో" అంది. దాన్ని బండి కప్పు మీదికి వచ్చేలా కుట్టాం. ఆ ఒక్క దుప్పటే అంత పెద్దది.

కవరు అంచు నేలకు జానెడు ఎత్తున ఆగింది, కింద గాలి ఆడడానికి. ఇటుకలు లేవు, నాడాలే. గుడ్డ నీటిని ఆపదు కాబట్టి రేకులు ఆపాలి. నిచ్చెన వేసుకుని నేనే ఎక్కి చిల్లులన్నిటికీ తారు పూశాను. పైనుంచి చూస్తే పక్కింటివాళ్లు తలలెత్తి నన్నే చూస్తున్నారు.

వానలు వచ్చాయి. రోజూ కాలేజీకి పోయే ముందు కవరు కిందికి చేయి పెట్టి చూసేవాణ్ణి. ఒకసారి ముసురు పట్టి ఐదో రోజుకు గుడ్డ చల్లగా తగిలింది. విప్పి, కాన్పుగదిలో మంచాల మీద పరిచి, ఫ్యాను వేశాను. ఆ గదిలో ఫ్యాను తిరిగి ఏడాది దాటింది. ఆరేదాకా అక్కడే ఒక మంచం చివర కూర్చున్నాను. పుస్తకం తీసుకుపోలేదు.

దసరా ముందు అక్క తుప్పు సంగతి చూడకుండానే మరిపెడాయనను వెంటబెట్టుకుని వచ్చింది. నేను నాడాలు విప్పుతున్నాను. నాకు రెండో వైపు అందలేదు.

"అటు జరుగు," అంది అక్క. వంగి, రెండు చేతులతో అంచు పట్టుకుని లాగింది. మరక ఉన్న దుప్పటి ఆమె భుజం మీద పడింది. కవరంతా మడిచి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

మరిపెడాయన మోకాళ్ల మీద కూర్చుని తలుపుల కింద, బానెట్ అంచున వేలు పెట్టి చూశాడు. తర్వాత వేలును ఎండకు పట్టి చూసుకున్నాడు.

"బండి మంచిగున్నది. ఎంతకిస్తరు?"

నేను నోరు తెరిచేలోగా అక్క అంది, "అమ్మడట. తుప్పు లేదు గద."

ఆయన వెళ్లిపోయాక ఇద్దరం కవరు తిరిగి కప్పాం. అక్క తన వైపు నాడాలు నాకంటే నీటుగా కట్టింది. ఇక ఇంటికి పోయి స్నానం చేస్తుందనుకున్నాను. నల్లా దగ్గర చేతులు మాత్రం కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఆకలైతాంది తమ్మీ. ఏం వండినవ్?"

పప్పు, అన్నం ఉన్నాయి. పప్పులో ఉప్పు లేదని తిట్టుకుంటూ తిన్నది. ఎనభైలలో కూడా ప్రతి దసరాకు కవరు విప్పడానికి తనే వచ్చేది. ఆ దుప్పట్లు ముట్టుకున్నందుకు మా వాళ్లలో ఇప్పుడు ఎవరూ స్నానం చేయరు.