వాకిట్లో తెల్ల చామంతి

నాచారంలో దేవానందం ఇంటి ముందు తోట చూసి దారినపోయేవాళ్లు ఆగేవారు. లోపలుండే దానమ్మ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. మల్లాపూర్ వర్క్‌షాపు నుంచి మొగుడు ఉత్త చేతులతో వచ్చిన సాయంత్రం లేదు. సైకిల్ క్యారేజీ మీద ఒకరి గోడ దగ్గర విరిచిన క్రోటన్ కొమ్మ, ఇంకొకరి ఇటుక, హ్యాండిలుకు చేపలు కడిగిన నీళ్ల డబ్బా. ఆ నీళ్లు గులాబీలకు పోసి, అదే చెయ్యి లుంగీకి తుడుచుకుని అన్నానికి కూర్చునేవాడు. గులాబీల మీది ఈగలు కంచం మీదికి వచ్చేవి. "పైసా పెట్టకుండ తోట జేసిన. ఎవనికి దమ్ముంది?" అని మీసం దువ్వుకునేవాడు.

పోయినవాళ్లకు పూలు, కొవ్వొత్తులు పెట్టే సమాధుల పండుగ అయిన వారానికి ఒక తెల్ల చామంతి తెచ్చి గేటు పక్కన నాటాడు. పొద్దున ఊడవబోయిన దానమ్మ చేతిలోంచి చీపురు జారింది. మొక్క ఒరగకుండా పుల్లకు కట్టిన నీలం పేలిక తన తల్లి చీరెది. పండుగనాడు సమాధి మీద మొక్క నాటి, తనే చింపి కట్టింది. దేవానందం ఏ ఏడాదీ అత్త సమాధి దగ్గరికి పోలేదు. ఏది ఎవరిదో ఆయనకేం తెలుసు?

"మా అమ్మ సమాధి మీదికెల్లి పీక్కొచ్చినవా?"

"ఆడ నీళ్లెవలు పోస్తరే? ఎండిపోతుండె."

దేవానందం వంగి, పేలిక ముడిని ఇంకాస్త బిగించాడు.

"మంచిగైంది తియ్. ఇగ గంత దూరం పోయే పని లేదు. ఈడనే కొవ్వొత్తి పెట్టుకో."