మడికి పనికిరాని పళ్ళు

మా అచ్చయమ్మత్తయ్యని తలుచుకుని ఎవరైనా "పాపం, మహా ఓర్పుగల మనిషి" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఓర్పూ లేదు, గీర్పూ లేదు. ఆవిడకి నోరుండేది. కొత్తపేటలో మా వీధి మొగలో కూరగాయల గంప దించితే చాలు, "ఆ వంకాయలు నిన్నటివే కదుటే మరిడమ్మా!" అని వంటింట్లోంచే కేకేసేది. ఆ నోరు నొక్కింది మా ఇల్లే. అందుకే ఇది చెబుతున్నాను.

అత్తయ్య మా నాన్నగారికి సొంత అక్క. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మా ఇంట్లో మడివంట ఆవిడది. తెల్లవారకుండా స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసిన చీర కట్టుకుని, నైవేద్యం అయ్యేదాకా ఎవరినీ ముట్టుకోకుండా వండాలి. మా అమ్మకి నడుంనొప్పి. పేరంటాలకి వెళ్ళేటప్పుడు ఆ నొప్పి ఎక్కడికి పోయేదో నాకు ఇప్పటికీ తెలీదు.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో అత్తయ్య పళ్ళు పుచ్చిపోయాయి. లవంగాలు నొక్కిపెట్టుకుని, ఉప్పునీళ్ళు పుక్కిలించి చాలాకాలం నెట్టుకొచ్చింది. చివరికి మొహం గుమ్మడికాయలా వాచిపోతే నేనే బస్సెక్కించి అమలాపురం తీసుకెళ్ళాను. అప్పుడు నేను అక్కడ డిగ్రీ చదువుతున్నాను. పళ్ళ డాక్టరు చూసి, "ఒక్కటీ నిలిచేది లేదండి, అన్నీ తీసెయ్యాలి" అన్నాడు. విడతలవారీగా తీసేశాడు.

తీయించుకున్న ప్రతిసారీ దూది అదిమిపట్టుకుని, కొంగు అడ్డం పెట్టుకుని, బస్సులో నా భుజం మీద వాలిపోయేది. ఇంటికొచ్చాక చల్లటి పాలు, పల్చటి జావ. రక్తం పూర్తిగా ఆగేదాకా వంటింట్లోకి రావద్దన్నారు నాన్నగారు. జాలిపడి కాదండోయ్, మైలని! నెత్తురు కారినన్నాళ్ళే ఆవిడకి ఆ ఇంట్లో సెలవు. అమ్మ పెట్టిన పులుసు నోట పెట్టుకోగానే నాన్నగారు మొహం ముడుచుకుని, "అక్కయ్యా, ఇంకా ఆగలేదా?" అని గదివైపు కేకేసేవారు. నొప్పెలా ఉందని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

చిగుళ్ళు గట్టిపడేసరికి నెలలు పట్టింది. ఈలోగా బుగ్గలు పీక్కుపోయాయి, మాట పట్టు తప్పింది. మరిడమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటన్నారండమ్మగారూ? మళ్ళీ సెప్పండి" అంటే, చెప్పలేక చెయ్యి ఊపి లోపలికి వచ్చేసేది. బేరం లేకుండా కూరలు కొనడం ఆవిడ జన్మలో అదే మొదలు. ఆ రోజు గదిలో కూర్చుని ఏడ్చింది.

ఎట్టకేలకు డాక్టరు మైనంతో కొలత తీసి సెట్టు చేయించాడు. నోట్లో అమర్చి అద్దం చేతికిచ్చాడు. అత్తయ్య అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకుంది.

"సూర్యకుమారీ, ఇంటికెళ్ళగానే జంతికలు చేసుకుంటానే" అంది. అన్ని నెలల తర్వాత నవ్విందప్పుడే.

"పగలంతా పెట్టుకునే ఉండాలండి" అన్నాడు డాక్టరు. "మొదట్లో ఒరుసుకుంటాయి, నొప్పెడతాయి. తీసి దాచేరంటే మాత్రం ఎప్పటికీ అలవాటు పడవండి."

మర్నాడు వంటింటి గడప దగ్గర నాన్నగారు అడ్డం నిలబడ్డారు.

"అవి నోట్లో పెట్టుకుని మడివంటేమిటక్కయ్యా? పెట్టినా ఎంగిలి, తీసినా ఎంగిలి. దేంతో చేశాడో, ఎవడు చేశాడో!"

ఆ మాట అంటున్న నోట్లోనే బంగారం తొడుగేసిన పన్ను తళతళలాడుతోంది.

"మరి మీదో?" అన్నాను.

"బంగారానికి మైలేమిటే? నోరుముయ్యి."

"పోనీ, తినేటప్పుడైనా పెట్టుకోనివ్వండి."

"పెట్టుకోమను, ఎవరొద్దన్నారు? తిన్నాక మళ్ళీ స్నానం చేసి మడి కట్టుకోమను. సాయంత్రం నైవేద్యం ఉంది కదా!"

ఎంత ఉదారమో చూశారా! ధనుర్మాసం చలిలో అన్నం తిన్నందుకు ఇంకోసారి నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. అత్తయ్య కొన్నాళ్ళు అదీ చేసింది. దగ్గు పట్టుకుంది. తర్వాత పళ్ళని మరచెంబులో పడేసి, మూత బిగించి, గూట్లోకి నెట్టేసింది. మా అందరికీ కరకరలాడే అప్పడాలు వేయించి, తను మాత్రం మజ్జిగలో మెతుకులు పిసుక్కుని మింగేది.

"ఎందుకు పడతావత్తయ్యా?" అని గట్టిగా అరిచాను ఒకరోజు.

"పడక ఎక్కడికి పోనే?" అంది. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

అలా ఉండగా తాతయ్య తద్దినం వచ్చింది. తాతయ్య స్థానంలో భోక్తగా కూర్చోడానికి బాలగంగాధరావధానిగారు వచ్చారు. ఆయన తింటే తాతయ్య తిన్నట్టే. ఆయన నిష్ఠ గురించి మా నాన్నగారు ఊరంతా చెప్పేవారు. అత్తయ్య తడిచీరతోనే గారెలు, నువ్వులుండలు, అన్నీ చేసింది. అవధానిగారు మాట్లాడకుండా, గారెలు మాత్రం పటపటా నమిలి తిన్నారు.

భోజనమయ్యాక చెయ్యి కడుక్కోడానికి ఆయన నూతి దగ్గరికి వెళ్ళారు. అత్తయ్య చెంబుతో నీళ్ళు అందించింది. ఆయన అటు తిరిగి, నోట్లో వేలు పెట్టి, పై వరస మొత్తం ఊడదీసి, పుక్కిలించి, కడిగి, మళ్ళీ తగిలించుకున్నారు.

అత్తయ్య చేతిలో చెంబు వంగి నీళ్ళు కారిపోతున్నాయి.

"అవి... కట్టుడువాండీ?"

"ఆయ్, కట్టుడువేనండి. గారెలు దివ్యంగా చేసేరమ్మా, పలుకు ఇరుక్కుందంతే" అన్నారాయన నవ్వుతూ. "మన విశ్వంగారే దగ్గరుండి అమలాపురంలో కట్టించేరండి. అవి లేకపోతే భోక్తగా నన్నెవరు పిలుస్తారు చెప్పండి? మీ తమ్ముడుగారి రుణం తీర్చుకోలేనండి."

విశ్వం అంటే మా నాన్నగారు కాశీవిశ్వనాథం. తెలుసు ఆయనకి! అన్నీ తెలిసే అక్క నోట్లో కట్టుడు పళ్ళు తీయించి గూట్లో పెట్టించారు. నాన్నగారిని అక్కడికక్కడే కడిగేద్దామని లోపలికి పరుగెత్తాను.

నాకంటే ముందు అత్తయ్య వెళ్ళింది. గూట్లోంచి మరచెంబు దింపింది. మూత బిగుసుకుపోయింది. గట్టుకేసి కొట్టి తీసింది. పళ్ళు కడిగి పెట్టుకుని, అవధానిగారు వెళ్ళాక, అందరికంటే ముందు ఒక ఆకు వేసుకుని నాన్నగారి ఎదురుగా కూర్చుంది.

"అక్కయ్యా! పితృశేషం తినేటప్పుడు ఆ ఎంగిలి..."

"విశ్వం, ఒకటి అడుగుతాను. ఇందాక ఆ పళ్ళతో నమిలింది నాన్నకి ముట్టిందా, లేదా?"

నాన్నగారు అమ్మవైపు చూశారు. అమ్మ గోడవైపు చూసింది.

"చెప్పరా! ముట్టలేదంటే చెప్పు, తద్దినం మళ్ళీ పెడదాం."

"ముట్టింది."

"తినడానికి పనికొచ్చినవి వండడానికీ పనికొస్తాయి. రేపట్నుంచి వీటితోనే వండుతాను. అక్కర్లేదంటే వంటిల్లు అదిగో, నీ బంగారం పన్నుతో నువ్వే వండుకో. ఇప్పుడు వడ్డించు."

ఆడవాళ్ళకి వడ్డించడం నాన్నగారు ఎన్నడూ ఎరగరు. గారెల పళ్ళెం వంకరగా పట్టుకుని వంగారు. అత్తయ్య గారె కొరికింది. అన్నాళ్ళు పళ్ళకి దూరంగా ఉన్న చిగుళ్ళు కదా, నొప్పికి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. దవడ ఆపలేదు. నేను నీళ్ళగ్లాసు అందించబోతే చేత్తో తోసేసింది.

నాన్నగారు పళ్ళెం పట్టుకుని పక్కకి జరగబోయారు.

"ఎక్కడికిరా? ఇంకోటి వెయ్యి" అంది అత్తయ్య. "గట్టివి చూసి వెయ్యి. మెత్తటివి నువ్వు తిందువుగాని."