నా నాడీ, మామ స్క్రూడ్రైవరూ

ఆ రోజుల్లో తమిళనాట మా పోదనూరులో గుండెజబ్బంటే తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారం. నేను మాత్రం పంపుసెట్ల వర్క్‌షాపులో చేరిన కొత్తలోనే, బడి చదువు పెద్దగా లేకపోయినా, బజ్జీల పొట్లంగా వచ్చిన తమిళ పత్రిక చదివి దాన్ని సంపాదించుకున్నాను. ఆరోగ్యవంతుడి నాడి ఎప్పుడూ ఒకే తీరున కొట్టుకోవాలని అందులో ఒక మహానుభావుడు రాశాడు. (ఆయన మీద కోపం నాకు ఇంకా తగ్గలేదు.) మణికట్టు పట్టుకుని చూసుకుంటే, ఊపిరి పీల్చినప్పుడు నా నాడి పరుగెత్తింది, వదిలినప్పుడు నెమ్మదించింది. మోటారు అలా తిరిగితే విప్పి బల్ల మీద పెట్టేవాళ్ళం! ఇక నాకు కాలం చెల్లిందని తేల్చేసుకున్నాను. చిక్కల్లా, వచ్చే ముహూర్తానికే మామ కూతురితో నా పెళ్ళి. ఆ పిల్లను విధవను చేయడానికి మనసొప్పలేదు.

మామ మా వర్క్‌షాపులోనే మేస్త్రి. కల్యాణం ఆపేయమని కళ్ళనీళ్ళతో ఆయనకు చెప్పాను. ఆయన మోటారు లోపలి బేరింగు చప్పుడు వినే పొడుగు స్క్రూడ్రైవరు తీసి, మొన నా రొమ్ముకు ఆనించి, పిడికి చెవి ఒగ్గి కళ్ళు మూసుకున్నాడు. "బేరింగు బాగానే ఉండాదిరా. కాలిపోయింది పైన వైండింగు" అంటూ నా నెత్తిన తట్టాడు. అయినా లోపల ఆయనకూ బెదురు పుట్టినట్టుంది, మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. ఊరుకోమన్నా వినకుండా మరదలూ వెంట వచ్చింది.

డాక్టరు గుండె విని, ఈసీజీ తీయించి, వయసులో ఉన్నవాళ్ళకు ఊపిరితో పాటు నాడి ఎక్కి దిగడం మామూలేనన్నాడు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి అరవై నుంచి నూరు లోపు కొట్టుకుంటే సరేనట. నాకు ఒళ్ళు మండింది. ఇంత త్యాగానికి సిద్ధపడి వస్తే మామూలా? పత్రికలో అలా రాయలేదని, ఇంకోసారి సరిగ్గా చూడమని తగువు వేసుకున్నాను. విసిగిపోయి ఆయన నా వేళ్ళు తీసి మరదలి మణికట్టు మీద పెట్టాడు. ఆమెను ఊపిరి పీల్చి వదలమన్నాడు. ఆ నాడీ ఎక్కింది, దిగింది.

మరదలు నా వైపు చూసింది. "నాకూ అట్లే ఉండాదే బావా. ఇప్పుడు ఎవురు ఎవుర్ని వేండాం, వద్దు అనాల?"

నా వేళ్ళు మాత్రం ఆమె మణికట్టు మీదే ఉండిపోయాయి.

"వదులు బావా, నాయన చూస్తాండాడు" అంది మెల్లిగా.

ఆ ముహూర్తానికే పెళ్ళయింది. ఇప్పుడు ఏ డాక్టరైనా అంతా నార్మల్ అంటే, ఒక్క ఎదురుమాట లేకుండా దండం పెట్టి బయటపడుతున్నాను. వైద్యుడితో కొట్లాడి మరీ తన జబ్బును కాపాడుకోబోయిన ఆనాటి కుర్రాడు ఇప్పుడు నన్ను చూస్తే, వీడెంత పిరికివాడైపోయాడని నవ్వుకుంటాడు.