జైనబ్ ఖాలా చెప్పిన రెండో భాగం

సాయంత్రం కరెంటు పోయింది. వెంటనే వంటింట్లో గిన్నె పడిన చప్పుడయింది. టార్చిలైటు వెతుక్కొని వెళ్లేసరికి బాబు కోసం కాచి చల్లార్చిన పాలు గచ్చంతా పారుతున్నాయి. నాలుగేళ్ల నా కూతురు పక్కన నిలబడి ఉంది. వెలుగును నేరుగా దాని మొహం మీదికి తిప్పి, ఎవరు పారబోశారని అడిగాను. "తమ్ముడు" అంది. తమ్ముడికి అయిదో నెల, ఇంకా బోర్లా పడడమే సరిగా రాదు. నేను లైటు పక్కకు తిప్పలేదు. అది రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ చిన్న వేళ్ల అంచులు వెలుగుకు ఎర్రగా కనబడగానే నాకు జైనబ్ ఖాలా చెయ్యి గుర్తొచ్చింది. ఇప్పుడు పిల్లలిద్దరూ పడుకున్నారు. ఆయనకు నైట్ డ్యూటీ. బాబు ఊపిరి సరిగా ఆడుతున్నదో లేదోనని పది నిమిషాలకోసారి లేచి చూడడం నాకు ఎలాగూ తప్పదు. ఆ మధ్య మధ్యలో ఇది రాస్తున్నాను.

ఛత్రినాకలో మేమున్న ఇంట్లో ఒకే వాకిలి చుట్టూ అయిదు వాటాలు. మూలగది ఖాలాది. నాకామె ఖాలా, అంటే పిన్ని వరస; అమ్మకు ఆపా, అంటే అక్క. భర్త పోయాడు, పిల్లలు లేరు. దగ్గర్లోని టాకీసులో ఆడవాళ్ల క్లాసుకు ఆమె గేట్‌కీపరు. అక్కడ ఆడవాళ్ల ముందు నల్లటి పరదా ఉండేది. లైట్లు ఆరగానే దాన్ని పక్కకు లాగడం, ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగేలోపు మళ్లీ మూయడం, ఆలస్యంగా వచ్చినవాళ్లకు టార్చితో దారి చూపడం ఆమె పని. టార్చి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టేది. వేళ్ల సందుల్లోంచి కాస్త ఎర్రటి వెలుగు మాత్రం మెట్ల మీద పడేది. "వెలుగు కాళ్ల కాడ పడాలె బేటీ, మొకం మీద కాదు" అనేది. అది ఆమె ఉద్యోగానికి సంబంధించిన మాటే అనుకున్నాను.

మా వాకిట్లో ఆడవాళ్లు పొద్దున పూట బేగంబజార్ సేటు పంపిన పిండితో అగరుబత్తీలు చుట్టేవాళ్లు. వాళ్లలో ఎవరికీ సినిమాకు పోయే తీరిక ఉండేది కాదు. ఖాలా వాళ్ల మధ్య కూర్చొని, తానూ నాలుగు పుల్లలు చుడుతూ, ఆడుతున్న సినిమా కథంతా చెప్పేది. ఫైటింగులు కూడా నోటితోనే చేసి చూపేది.

నేను ఏడో తరగతిలో ఉండగా మాకు తమ్ముడు పుట్టి, మూడో రోజున పోయాడు. ఆ తర్వాత అమ్మ పని మానలేదు, వంట మానలేదు, మాట్లాడడం మాత్రం దాదాపు మానేసింది. అప్పుడు ఒక గూఢచారి సినిమా వచ్చింది. హీరో సంగతి మామూలే. నవ్వంతా అతని వెంట ఉండే టైలరుది. కుట్టడానికి వచ్చిన కోటు అస్తరులో దొంగ కాగితం దొరికి, పాపం, ఆ పిరికివాడు గూఢచారి అవుతాడు. ఇస్త్రీపెట్టెతో, దారపు ఉండలతో కొట్లాడతాడు. ఖాలా ఆ టైలరు నత్తిని దింపేసరికి అమ్మ చెయ్యి పుల్ల మీద ఆగింది. నవ్వింది. ఏదో తప్పు చేసినట్టు వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మర్నాడు తనంతట తానే అడిగింది: "ఆ టైలర్‌కు మళ్ల ఏమైంది ఆపా?"

"వానికేమైతది సుశీలా, రెండో భాగం తీస్తున్నరంట. దాంట్ల మస్తు నవ్విస్తడు చూడు" అంది ఖాలా.

ఏడాదిన్నరకు ఆ రెండో భాగం ఆమె టాకీసుకే వచ్చింది. ఏ సినిమా అయినా రెండో రోజుకే చెప్పే మనిషి, ఈసారి వారం దాకా "ఇంకా మంచిగ చూడలే" అని తప్పించుకుంది. చివరికి ఒక పొద్దున మొదలుపెట్టింది. విలన్ గుహలోకి టైలరు షేర్వాణీ కొలతలకని వెళ్తాడు. టేపు తీసి, "చేతులు ఎత్తండి సార్" అంటాడు. విలన్ ఎత్తుతాడు. "ఇంక పైకి సార్, సంక బిగువైతది" అంటాడు. ఇంతలో హీరో తలుపు తోసుకొని వచ్చి చూస్తే విలన్ అప్పటికే చేతులెత్తి నిలబడి ఉంటాడు. అమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. తుడుచుకోబోయి చెంపకు పిండి పూసుకుంది. ఆ సీను రోజూ అడిగి చెప్పించుకునేది.

ఖాలాకు సెలవైన రోజు నేను స్నేహితురాలితో, వాళ్లమ్మతో పోయి ఆ సినిమా చూశాను. మర్నాడు వాకిట్లో ఖాలా టేపు తీసినట్టు చెయ్యి చాపుతుండగా, పుస్తకాలు చంకలో పెట్టుకొని నిలబడి అందరిముందు చెప్పాను. "గదంతా అబద్ధం. సినిమాల గసుంటి సీనే లేదు. ఇంటర్వెల్ కాంగనే టైలర్ తుపాకి గుండు తగిలి సచ్చిపోతడు."

"నిజమా జైనబ్?" అని పక్కవాటా ఆవిడ అడిగింది.

"నిజమే" అంది ఖాలా. అమ్మ ఒళ్లో ఉన్న, అగరుబత్తీలు చుట్టే పలక పక్కకు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు వాకిట్లోకి రాలేదు.

అయిదో రోజు ఖాలా నన్ను మ్యాట్నీకి రమ్మంది. జనం పల్చగా ఉన్నారు. పరదా లాగి వచ్చి నా పక్కన కూర్చుంది. "మంచిగున్నది మంచిగున్నదని చెప్పు. లేనిది ఎందుకు లేదో చెప్పు" అంది. రైలు పైన గొడుగుతో చేసిన ఫైటింగు బాగుందన్నాను. ఆడ గూఢచారి శత్రువుల చిట్టీ గుర్తుపట్టిన తీరు బాగుందన్నాను.

"మరి అంత తెలివిగల్ల పోరిని ఇంటర్వెల్ అయినంక కుర్చీకి ఎందుకు కట్టేసిన్రు?"

ఆమె తెర వైపే చూస్తూ జవాబూ తానే చెప్పింది. "మొదటిది నవ్వుకుంట తీసిన్రు బిడ్డా. ఈసారి జనం నవ్వుతరో లేదో అని ఫికర్ పట్టింది. ఫికర్ పట్టినోడు ఒక హెలికాప్టర్ ఉన్నకాడ రెండు తెస్తడు. గది సాలదనిపిస్తే మంచోన్ని సంపుతడు. సంపుడు అల్కగ. నవ్విచ్చుడే కష్టం."

నేను చెప్పింది తప్పా అని అడిగాను.

"అబద్ధమైతే కాదు. లైటు మీ అమ్మ మొకం మీద కొట్టినవ్, గంతే."

తెర మీద టైలరు తనకు గుండు తగలబోయే గుహలోకి అడుగు పెడుతున్నాడు. ఖాలా లేచి, సరిగ్గానే ఉన్న పరదా దగ్గరికి వెళ్లి, దాని మడతలు సర్దుతూ తెరకు వీపు పెట్టి నిలబడింది. అన్ని ఆటల్లోనూ అప్పుడు అలాగే నిలబడుతుందని నాకు అర్థమైంది.

ఇంటికి వచ్చి అమ్మ వెనక కూర్చొని జడ వేస్తూ చెప్పాను. "అమ్మా, టైలర్ సినిమాల సచ్చిపోయిండు. ఖాలా చెప్పిన దాంట్ల బతికే ఉన్నడు." "వాడు సచ్చిన సినిమా సంగతి నాకెందుకే" అంది అమ్మ. "పో, ఆపాను పిల్వు."

నేను డిగ్రీలో ఉండగా ఖాలా బీదరులో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కబురు లేదు. నా కాలేజీ జాకెట్లకు కొలతలు తీసేటప్పుడు అమ్మ నవ్వకుండా "చేతులు ఎత్తండి సార్" అనేది.

ఇప్పుడు ఆలోచిస్తే, రెండో బిడ్డ పుట్టాక నేనూ ఆ సినిమా తీసినవాళ్లలాగే అయ్యాను. ఇంట్లో థర్మామీటర్లు రెండున్నాయి. పాలు రెండుసార్లు కాస్తాను, గొళ్లెం రెండుసార్లు చూస్తాను. మొదటిదాన్ని పెంచేటప్పుడు వచ్చిన నవ్వు ఎక్కడ పోయిందో తెలియదు. నా కూతురు మాత్రం ఎలాగో ఒక కథ అల్లుకుంటున్నది. అందులో పాలు పారబోసింది తమ్ముడు, అమ్మకు కోపం రాదు.

ఇందాక మళ్లీ లేచి, టార్చి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి గదిలోకి వెళ్లాను. బాబు ఊపిరి బాగానే ఆడుతున్నది. పక్కన నా కూతురు వెల్లకిలా పడుకొని, రెండు చేతులూ తలపైకి ఎత్తి నిద్రపోతున్నది. రేపు దాని గౌనుకు కొలతలు తీసుకోవాలి. టేపు తీసి బల్ల మీద పెట్టాను.